గుర్రాలు నేర్పిన లెక్క పత్రిక దగ్గర ఎందుకు తప్పింది? జాక్ విట్నీ కథ

స్టార్టప్‌ల గురించి మాట్లాడే ప్రతివారి నోటా ఇవాళ వినిపించే మాట 'వెంచర్ క్యాపిటల్'. పది కంపెనీల్లో డబ్బు పెట్టాలి. వాటిలో ఎక్కువ భాగం మునిగిపోయినా ఫరవాలేదు, ఒకటో రెండో బాగా పెరిగితే చాలు, మొత్తం డబ్బు వెనక్కి వస్తుంది. బెంగళూరులోనైనా, హైదరాబాద్‌లోనైనా ఈ పెట్టుబడులు నడిచేది ఈ సూత్రం మీదే.

ఈ వ్యాపారాన్ని ఒక సంస్థగా మొదట నిలబెట్టినవారిలో ఒకరు పోలో ఆటగాడు, రేసుగుర్రాల యజమాని. ఆయన పేరు జాన్ హే విట్నీ. అందరూ జాక్ అని పిలిచేవారు. 1904లో పుట్టి 1982లో చనిపోయిన ఈ అమెరికా కోటీశ్వరుడు గుర్రాలు పెంచారు, హాలీవుడ్ సినిమాలకు డబ్బు పెట్టారు, బ్రిటన్‌లో రాయబారిగా పనిచేశారు. ఒక గొప్ప దినపత్రికను కొని, దాన్ని బతికించడానికి ప్రయత్నించి ఓడిపోయారు.

నష్టాలకు భయపడని మనిషి, చేతిలో కావలసినంత డబ్బున్న మనిషి పత్రికను ఎందుకు నిలబెట్టలేకపోయారు? పత్రికలు, చానళ్లు ఒక్కొక్కటిగా పెద్ద వ్యాపారుల చేతుల్లోకి వెళ్తున్న మన దేశంలో ఈ ప్రశ్న పాతబడలేదు.

పుట్టుకతోనే సంపద

విట్నీకి రెండు వైపులా పెద్ద పేర్లున్నాయి. తల్లి తండ్రి జాన్ హే అబ్రహాం లింకన్‌కు కార్యదర్శిగా పనిచేశారు, తర్వాత అమెరికా విదేశాంగ మంత్రి అయ్యారు. తండ్రి తండ్రి విలియం సి. విట్నీ నౌకాదళ మంత్రిగా ఉన్నారు. ఈ కుటుంబంలో రేసుగుర్రాల సరదా ఆయనతోనే మొదలైంది. స్టాండర్డ్ ఆయిల్ సంపదలో పెద్ద వాటా ఉన్న ఆలివర్ పేన్ జాక్ తండ్రికి మేనమామ. ఆ ఆస్తిలోనూ భాగం వచ్చింది.

జాక్ యేల్‌లో చదివి ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లారు. 1927లో తండ్రి పేన్ విట్నీ టెన్నిస్ ఆడుతూ కుప్పకూలి చనిపోవడంతో చదువు ఆపి ఇంటికి వచ్చారు. తండ్రి వదిలిన ఆస్తిని సుమారు 17.9 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. అప్పటిదాకా అమెరికాలో విలువ కట్టిన వారసత్వ ఆస్తుల్లో అదే అతి పెద్దది.

ఇరవై రెండేళ్ల వయసులో ఇంత డబ్బుకు వారసుడైన యువకుడు ఏం చేస్తారో ఆయన కూడా అదే చేశారు. గుర్రాలు, విమానాలు, నాటకాలు, విందులు. అయితే గుర్రాలు ఆయనకు కాలక్షేపంగా మిగిలిపోలేదు.

మణిపూర్ ఆట, అమెరికా ధనికులు

విట్నీ ఆడిన ఆధునిక పోలో మన ఈశాన్యం నుంచి వెళ్లింది. మణిపూర్‌లో 'సగోల్ కాంగ్జే' పేరుతో తరతరాలుగా ఆడుతున్న ఆటను బ్రిటిష్ సైనికాధికారులు, తేయాకు తోటల యజమానులు నేర్చుకున్నారు. 1859లో అస్సాంలోని సిల్చార్‌లో క్లబ్ పెట్టారు. 1862లో కలకత్తా పోలో క్లబ్ వచ్చింది. అక్కడి నుంచి ఆట ఇంగ్లండ్‌కు చేరింది. ఇంఫాల్ నడిబొడ్డున ఉన్న మపాల్ కాంగ్జేబుంగ్ మైదానంలో నేటికీ పోలో ఆడుతున్నారు.

1876లో దీన్ని అమెరికాకు తీసుకెళ్లిన వ్యక్తి జేమ్స్ గోర్డన్ బెన్నెట్ జూనియర్. ఆయన 'న్యూయార్క్ హెరాల్డ్' పత్రిక యజమాని. ఈ పేరు గుర్తుంచుకోవాలి. ఎనభై ఏళ్ల తర్వాత విట్నీ కొన్నది ఆ పత్రిక వారసురాలినే.

మణిపూర్‌లో ఊళ్లోవాళ్లు చిన్న గుర్రాల మీద ఆడుకునే ఆట అమెరికా చేరేసరికి పూర్తిగా ధనికుల ఆట అయింది. దానికి కారణం ఆట నిర్మాణంలోనే ఉంది. జట్టుకు నలుగురు. మైదానం దాదాపు 274 మీటర్ల పొడవు. ఆటను 'చక్కర్' అనే భాగాలుగా విడగొడతారు. ఒక చక్కర్ అంటే ఏడు నిమిషాల పైచిలుకు. అంతసేపు పూర్తి వేగంతో పరిగెత్తిన గుర్రాన్ని వెంటనే తర్వాతి చక్కర్‌కు వాడలేరు. అందుకే ఒక్కో ఆటగాడికి ఒక మ్యాచ్‌లోనే అనేక గుర్రాలు కావాలి. వాటికి శాలలు, మేత, శిక్షకులు, సాయీసులు కావాలి. మ్యాచ్ నుంచి మ్యాచ్‌కు తరలించే ఖర్చు వేరే.

ఆటగాళ్ల స్థాయిని 'గోల్స్' లెక్కన కొలుస్తారు. దీన్ని హ్యాండీక్యాప్ అంటారు. అత్యున్నతం 10 గోల్స్. విట్నీ ఆ స్థాయి ఆటగాడు కాదు గానీ మంచి ఆటగాడే. ఆయన తెలివి జట్టును కూర్చడంలో కనిపిస్తుంది. తన 'గ్రీన్‌ట్రీ' జట్టులోకి ఆ తరంలో అత్యుత్తముడిగా పేరున్న 10 గోల్స్ ఆటగాడు టామీ హిచ్‌కాక్‌ను తెచ్చుకున్నారు. పీట్ బోస్ట్‌విక్, జెరాల్డ్ బాల్డింగ్ తోడయ్యారు. 1935, 1936 సంవత్సరాల్లో వరుసగా అమెరికా ఓపెన్ గెలిచారు. అంతకుముందే 1933లో టైమ్ పత్రిక ఆయన బొమ్మను పోలో వేషంలో ముఖచిత్రంగా వేసింది. మహామాంద్యంలో జనం ఉద్యోగాలు పోగొట్టుకుంటున్న రోజులవి.

ఓటమిని ముందే లెక్కేసుకునే పని

పోలోకు డబ్బు ఖర్చవుతుంది. రేసుగుర్రాల పెంపకంలో ఖర్చుతో పాటు నిరీక్షణ కూడా ఉంటుంది.

థరోబ్రెడ్ జాతి ఆడగుర్రం దాదాపు పదకొండు నెలలు పిల్లను మోస్తుంది. కృత్రిమ గర్భధారణకు ఈ జాతి నమోదు నిబంధనలు ఒప్పుకోవు. ఒక ఆడగుర్రం నుంచి ఏడాదికి మహా అయితే ఒక్క పిల్లే. అది రేసు ట్రాక్ మీదికి రావడానికి ఇంకో రెండేళ్లు. ఈలోగా కాలు విరగొచ్చు, ఊపిరితిత్తులు బలంగా లేవని తేలొచ్చు. ఏ లోపమూ లేకపోయినా, పరిగెత్తాలన్న కోరికే దానికి లేకపోవచ్చు. తల్లిదండ్రులు ఇద్దరూ విజేతలైనా పిల్ల విజేత అవుతుందన్న హామీ లేదు. పుట్టినవాటిలో చాలావాటికి ఒక పెద్ద రేసు గెలిచే అవకాశం కూడా రాదు. మంచి గుర్రం ఒక్కటి దొరికితే మాత్రం రేసు బహుమతులకు తోడు ఆ తర్వాత సంతానోత్పత్తి ద్వారా ఏళ్ల తరబడి ఆదాయం వస్తుంది.

కాబట్టి ఈ రంగంలో నిలవాలంటే మూడు కావాలి. ఒకటి, ఒకే గుర్రం మీద ఆధారపడకుండా అనేక గుర్రాలు ఉండాలి. రెండు, ఏళ్ల తరబడి ఎదురుచూడగల డబ్బు ఉండాలి. మూడు, పనికిరాదని తేలినదాన్ని వదిలించుకోగలగాలి.

విట్నీ ఈ పాఠాన్ని మొదట బ్రిటన్‌లో అడ్డంకుల రేసుల్లో నేర్చుకున్నారు. ఆయన గుర్రం ఈస్టర్ హీరో 1929, 1930 సంవత్సరాల్లో చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్ గెలిచింది. కానీ 1929 గ్రాండ్ నేషనల్‌లో 66 గుర్రాల మధ్య రెండో స్థానంలో ఆగిపోయింది. రేసుల్లోనూ హ్యాండీక్యాప్ ఉంటుంది. బలమైన గుర్రం మీద ఎక్కువ బరువు వేస్తారు. ఈస్టర్ హీరో ఆ రోజు దాదాపు 79 కిలోల బరువు మోసింది. తనకంటే తక్కువ బరువున్న, ఎవరూ ఊహించని గ్రెగలాక్ దాన్ని దాటేసింది. విట్నీకి చెందిన ఇంకో గుర్రం థోమండ్ 2 వరుసగా 1934లో, 1935లో అదే రేసులో మూడో స్థానంలో వచ్చింది. గ్రాండ్ నేషనల్ ఆయనకు ఎప్పటికీ దక్కలేదు.

అమెరికాలో 'గ్రీన్‌ట్రీ' రేసుశాలను నడిపింది ఆయన తల్లి హెలెన్ హే విట్నీ. 1931లో ట్వెంటీ గ్రాండ్, 1942లో షట్ అవుట్ ఆమెకు కెంటకీ డెర్బీలు తెచ్చిపెట్టాయి. 1944లో ఆమె చనిపోయాక జాక్, ఆయన అక్క జోన్ పేసన్ కలిసి ఆ శాలను నడిపారు. 1949లో వారి గుర్రం కాపో కెంటకీ డెర్బీలో రెండో స్థానంలో వచ్చి, తర్వాత ప్రీక్‌నెస్, బెల్‌మాంట్ రేసులు రెండూ గెలిచింది. 1968లో స్టేజ్ డోర్ జానీ బెల్‌మాంట్ గెలిచింది.

అన్నిటికంటే పెద్ద పేరు టామ్ ఫూల్‌ది. గ్రీన్‌ట్రీ దీన్ని పిల్లగా ఉన్నప్పుడే కొన్నది. 1953లో పది రేసుల్లో పరిగెత్తి పదీ గెలిచి, ఆ ఏటి ఉత్తమ గుర్రంగా నిలిచింది. దాని సంతానంలో టిమ్ టామ్ 1958లో కెంటకీ డెర్బీ గెలిచింది. బక్‌పాసర్ 1966లో దేశంలోనే ఉత్తమ గుర్రమైంది. ఆ రెండూ పరిగెత్తింది వేరే యజమానుల కోసం. గుర్రాల పెంపకంలో ఇది మామూలే.

అదే లెక్క, సినిమాల్లో

1933లో విట్నీ తన దాయాది కార్నెలియస్ వాండర్‌బిల్ట్ విట్నీతో కలిసి పయనీర్ పిక్చర్స్ అనే సంస్థ పెట్టారు. అప్పుడు టెక్నికలర్ అనే కొత్త రంగుల ప్రక్రియ వచ్చింది. పెద్ద స్టూడియోలు దాన్ని నమ్మలేదు. విట్నీలు నమ్మారు. 1935లో వారు తీసిన 'బెకీ షార్ప్' మూడు రంగుల టెక్నికలర్‌లో పూర్తిగా తీసిన తొలి పూర్తి నిడివి చిత్రం. డబ్బు పెద్దగా రాలేదు.

ఆ తర్వాత నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ సంస్థలో పెట్టుబడి పెట్టి దానికి చైర్మన్ అయ్యారు. 1936లో ఒక నవల హక్కులను 50,000 డాలర్లకు కొనడానికి సెల్జ్‌నిక్ వెనకాడుతుంటే కొనమని గట్టిగా ఒత్తిడి చేసినవారిలో విట్నీ ఒకరు. ఆ నవల 'గాన్ విత్ ది విండ్'. 1939లో సినిమాగా వచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన 'రెబెక్కా' కూడా ఆ సంస్థదే. రెండూ ఉత్తమ చిత్రంగా ఆస్కార్లు అందుకున్నాయి.

యుద్ధం తర్వాత పుట్టిన సంస్థ

రెండో ప్రపంచ యుద్ధంలో విట్నీ అమెరికా వైమానిక దళంలో పనిచేశారు. 1944 ఆగస్టులో దక్షిణ ఫ్రాన్స్‌లో జర్మన్లకు చిక్కారు. బందీలను తీసుకెళ్తున్న రైలు నుంచి తప్పించుకుని బయటపడ్డారు. ఆయన పోలో జట్టులోని టామీ హిచ్‌కాక్ అదే ఏడాది ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో యుద్ధ విమానాన్ని పరీక్షిస్తూ కూలి చనిపోయారు.

తిరిగొచ్చిన విట్నీ 1946లో రెండు పనులు చేశారు. ఒకటి జాన్ హే విట్నీ ఫౌండేషన్. నల్లజాతీయులు, ఆదివాసులు, ఇతర మైనారిటీ వర్గాల యువతకు పై చదువుల కోసం ఆ సంస్థ 1950 నుంచి ఫెలోషిప్‌లు ఇచ్చింది. రెండోది జె.హెచ్. విట్నీ అండ్ కంపెనీ.

ఆ రోజుల్లో కొత్త ఆలోచనతో కంపెనీ పెట్టాలనుకునేవారికి బ్యాంకులు అప్పిచ్చేవి కావు. తాకట్టు పెట్టడానికి ఆస్తి ఉండదు, చూపించడానికి లాభాలుండవు. విట్నీ సంస్థ అలాంటివారికి అప్పుకు బదులు వాటా తీసుకుని డబ్బిచ్చింది. కంపెనీ పోతే డబ్బు పోతుంది, పెరిగితే వాటా విలువ పెరుగుతుంది. 'వెంచర్ క్యాపిటల్' అన్న మాటను ఆయన భాగస్వామి బెన్నో ష్మిట్ పుట్టించారని చాలామంది చెబుతారు. ఆ మాట అంతకుముందే అక్కడక్కడా వాడుకలో ఉంది. దానికి ప్రాచుర్యం తెచ్చిన ఘనత మాత్రం ఈ సంస్థకు దక్కుతుంది. అదే ఏడాది బోస్టన్‌లో జార్జెస్ డోరియో ఆధ్వర్యంలో ఇలాంటిదే మరో సంస్థ మొదలైంది.

విట్నీ పెట్టుబడి పెట్టినవాటిలో వాక్యూమ్ ఫుడ్స్ ఒకటి. సైన్యానికి నారింజ రసం పొడి సరఫరా చేయాలని మొదలైన ఆ కంపెనీకి యుద్ధం ముగియడంతో కొనేవాళ్లు లేకుండా పోయారు. అది దారి మార్చి గడ్డకట్టిన చిక్కటి నారింజ రసం అమ్మింది. దాని పేరు మినిట్ మెయిడ్. 1960లో కోకాకోలా ఆ కంపెనీని కొన్నది. ఇవాళ మన కిరాణా దుకాణాల్లోనూ ఆ పేరున్న సీసాలు కనిపిస్తాయి.

గుర్రాలశాలలో ఉన్న మూడు నియమాలే ఇక్కడా ఉన్నాయి: అనేక పందేలు, ఓపిక పట్టగల డబ్బు, ఓడినదాన్ని వదిలేయగల స్వేచ్ఛ.

పత్రిక దగ్గర లెక్క తప్పింది

1957లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ విట్నీని బ్రిటన్‌కు రాయబారిగా పంపారు. సూయజ్ సంక్షోభంతో రెండు దేశాల మధ్య నమ్మకం దెబ్బతిన్న సమయమది. ఆ పదవిలో ఉండగానే 1958లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్‌ను రీడ్ కుటుంబం నుంచి చేతిలోకి తీసుకున్నారు.

1841లో హోరస్ గ్రీలీ స్థాపించిన ట్రిబ్యూన్, పోలోను అమెరికాకు తెచ్చిన బెన్నెట్ కుటుంబపు హెరాల్డ్ 1924లో కలిసి ఏర్పడిన పత్రిక ఇది. విట్నీ తాత జాన్ హే ఒకప్పుడు ట్రిబ్యూన్‌లో సంపాదకీయాలు రాశారు. ఆ పత్రికతో విట్నీ అనుబంధం లాభనష్టాలకు మించినదని చెప్పడానికి ఇది చాలు.

1961లో రాయబారి పదవి ముగిశాక ఆయన పత్రిక మీద పూర్తిగా దృష్టి పెట్టారు. మంచి సంపాదకులను తెచ్చారు, వారికి స్వేచ్ఛ ఇచ్చారు. మొదటి పేజీ రూపం మారింది. పాఠకుడికి విసుగు పుట్టించకుండా రాయడం నియమమైంది. టామ్ వోల్ఫ్, జిమ్మీ బ్రెస్లిన్ లాంటివారు ఇక్కడ రాశారు. 1963లో కెనెడీ అంత్యక్రియల రోజు విలేఖరులంతా ప్రముఖుల వెంట పడితే, బ్రెస్లిన్ సమాధి తవ్విన కూలీ గురించి రాశారు. ఆ వ్యాసాన్ని నేటికీ జర్నలిజం తరగతుల్లో చదివిస్తున్నారు. అంతకుముందు ఏడాది ఈ పత్రిక రాతలు నచ్చక కెనెడీ శ్వేతసౌధంలో దాని చందాలు రద్దు చేయించారు. విట్నీ రిపబ్లికన్ పార్టీకి పెద్ద దాత. అయినా 1964 అధ్యక్ష ఎన్నికల్లో పత్రిక డెమోక్రాట్ అయిన లిండన్ జాన్సన్‌ను సమర్థించింది.

పత్రిక బాగుంది. డబ్బు మాత్రం పోతూనే ఉంది.

కారణాలు మూడు. మొదటిది, నగరంలో రెండో స్థానంలో ఉన్న పత్రికకు ఎదురయ్యే కష్టం. ప్రకటనదారులు ఎక్కువమంది పాఠకులున్న పత్రికకే వెళ్తారు. ఇల్లు, ఉద్యోగం వెతుక్కునే పాఠకులు ఎక్కువ ప్రకటనలున్న పత్రికనే కొంటారు. ఈ చక్రం న్యూయార్క్ టైమ్స్ వైపు తిరుగుతోంది. ఎంత మంచి వ్యాసం రాసినా అది వెనక్కి తిరగదు. రెండోది టెలివిజన్. సాధారణ వినియోగ వస్తువుల ప్రకటనలను అది లాక్కుపోయింది. మూడోది సమ్మె. యంత్రాలు వచ్చి తమ ఉద్యోగాలు పోతాయన్న భయంతో అక్షరాలు కూర్చే కార్మికులు 1962 డిసెంబర్‌లో సమ్మె చేశారు. నగరంలో పత్రికలు 114 రోజులు ఆగిపోయాయి. వారి భయం నిరాధారం కాదు, ఆ పని తర్వాతి కాలంలో నిజంగానే మాయమైంది. కానీ అన్ని రోజులు పత్రిక లేకుండా ఉన్న పాఠకుల్లో కొందరు మళ్లీ రాలేదు. అప్పటికే బలహీనంగా ఉన్న పత్రికను అది ఎక్కువ దెబ్బ తీసింది.

1966లో విట్నీ తన పత్రికను మరో రెండు యాజమాన్యాల పత్రికలతో కలపడానికి ఒప్పుకున్నారు. ఏప్రిల్ 24న హెరాల్డ్ ట్రిబ్యూన్ చివరి సంచిక వచ్చింది. విలీనాన్ని వ్యతిరేకిస్తూ మళ్లీ సమ్మె జరిగింది. ఆగస్టులో, ఇక దాన్ని తిరిగి తేవడం లేదని ప్రకటించారు. కలిసి పుట్టిన కొత్త పత్రిక కూడా 1967 మేలో ఆగిపోయింది. విట్నీ ఈ ప్రయత్నంలో పోగొట్టుకున్నది సుమారు 4 కోట్ల డాలర్లని అంచనా.

తేడా ఎక్కడుంది?

గుర్రాలశాలలో ఇరవై పిల్లలుంటే పంతొమ్మిది ఓడినా ఇరవయ్యోది ఆదుకోవచ్చు. పెట్టుబడి సంస్థలోనూ అంతే. విట్నీకి ఉన్న పత్రిక మాత్రం ఒక్కటే. దాని నష్టాన్ని పూడ్చే ఇంకో పత్రిక లేదు. గుర్రం మీద పెట్టిన ఖర్చుకు ఒక ముగింపు ఉంటుంది, పరిగెత్తలేదని తేలితే అమ్మేస్తారు. పత్రిక ఖర్చు మాత్రం ప్రతి ఉదయం మళ్లీ మొదలవుతుంది.

ఇంకో తేడా ఉంది. ఆర్థిక లెక్కలు దాన్ని పట్టించుకోవు. పెట్టుబడిదారు పది పందేల్లో ఒకటి పోగొట్టుకుంటాడు. ఆ కంపెనీలో, ఆ పత్రికలో పనిచేసేవాడికి ఉన్న ఉద్యోగం ఒక్కటే. హెరాల్డ్ ట్రిబ్యూన్ మూతపడ్డాక కూడా విట్నీ అమెరికాలోని అత్యంత ధనికుల్లో ఒకరిగానే ఉన్నారు. 1950లో ఆయన సుమారు 30,000 డాలర్లకు కొన్న పికాసో చిత్రం ఒక్కటే 2004 వేలంలో 10.4 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. ఆ పత్రిక పోగొట్టిన మొత్తానికి అది రెండింతల కంటే ఎక్కువ. పత్రికలోని విలేఖరులు, ముద్రణ కార్మికులు మాత్రం కొత్త పని వెతుక్కోవలసి వచ్చింది. ఏడెనిమిదేళ్ల ముందు అనేక దినపత్రికలున్న నగరంలో పెద్దవి మూడే మిగిలాయి.

అలాగని ఆయన్ని తప్పుపట్టడం తేలిక కాదు. మన దగ్గర ఇతర వ్యాపారాలున్న యజమానులు మీడియా సంస్థలు కొన్నప్పుడు రెండు భయాలుంటాయి. ఒకటి, తమ ప్రయోజనాల కోసం వార్తలను వంచుతారని. రెండు, లాభం లేదనిపించిన రోజున వదిలేస్తారని. విట్నీ మొదటి తప్పు చేయలేదు. రెండోది చేయకుండా ఎనిమిదేళ్లు నిలబడ్డారు. ఆ తర్వాత ఆయన కూడా ఆగిపోయారు. యజమాని మంచితనం పత్రికకు కొంత సమయం కొనిపెట్టింది. పాఠకుల నుంచి, ప్రకటనల నుంచి వచ్చే నికరమైన ఆదాయానికి మాత్రం అది ప్రత్యామ్నాయం కాలేకపోయింది.

అయినా ఆ పత్రిక నుంచి పుట్టినవి కొన్ని బతికాయి. దాని ఆదివారం అనుబంధం 'న్యూయార్క్' 1968లో స్వతంత్ర పత్రికగా మారి నేటికీ వస్తోంది. బెన్నెట్ 1887లో ప్యారిస్‌లో మొదలుపెట్టిన సంచిక, న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్ భాగస్వామ్యంతో 'ఇంటర్నేషనల్ హెరాల్డ్ ట్రిబ్యూన్' అయి, 2013 దాకా ఆ పేరుతోనే ప్రపంచమంతా చదివించుకుంది. టామ్ ఫూల్ పిల్లల్లాగే అవి కూడా గెలిచింది వేరే యజమానుల దగ్గర.